మెట్ట దారిలో సమాకలనం

నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కి పక్కసీటాయన్ని కదిలిస్తే చాలు, సోమశిల జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయో, పైనుంచి ఎన్ని క్యూసెక్కులు దిగుతున్నాయో చెప్పేస్తాడు. పెన్న మీద బతికే జిల్లా మరి. ఆ రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయనది ఆత్మకూరు దగ్గర పల్లె. 2021 నవంబరులో పైన కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి వరద సంగతి ఎత్తి, "ఐదు లచ్చల క్యూసెక్కులొస్తే దినానికి నలభై మూడు టీఎంసీలు గదా సార్, ఏ డ్యామైనా ఏడ దాస్తాది?" అన్నాడు. మనసులో లెక్క వేసి చూశాను. సరిగ్గా అంతే. సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే క్యూసెక్కు. వంద కోట్ల ఘనపుటడుగులు టీఎంసీ. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ.

ఆయన ఎంత చదివాడో అడగలేదు. ఉదయగిరిలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు నేను చెప్పబోతున్న పాఠాన్నే ఆయన నోటిలెక్కగా చేసేశాడు. క్షణక్షణం పారే నీటిని కాలం పొడవునా కూడితే మొత్తం నీరు వస్తుంది, అది సమాకలనం. ఆ కాలాన్ని సెకన్లలో కాకుండా రోజుల్లో కొలవాలంటే ఒక్కో రోజుకూ 86,400 సెకన్లు లెక్కలోకి రావాలి, అది ప్రతిక్షేపణ. కొలత మార్చినప్పుడు పాత కొలతకూ కొత్త కొలతకూ ఉన్న నిష్పత్తిని వదిలిపెట్టకూడదు. పద్ధతి మొత్తానికీ ఈ ఒక్క నియమమే ప్రాణం. ఇక్కడ నిష్పత్తి స్థిరం కాబట్టి ఒక్క గుణకారంతో పని అయిపోయింది. నిష్పత్తి చోటు చోటుకూ మారితే దాన్ని గుర్తుపెట్టుకుని మోయడానికి ఒక గుర్తు కావాలి. ఆ గుర్తే డీఎక్స్.

మా పిల్లలు డీఎక్స్‌ను వాక్యం చివర చుక్కలా చూస్తారు. రాయకపోతే మార్కు పోతుందని రాస్తారు. లైబ్నిజ్ 1675 అక్టోబరు 29న తన రాతప్రతిలో పొడవాటి ఎస్ అక్షరాన్ని సమాకలన చిహ్నంగా మొదటిసారి వాడాడు. మూడున్నర శతాబ్దాలుగా ఆ రాతపద్ధతి నిలిచిందంటే అందులోని డీఎక్స్ బలం వల్లే అంటాను. మిగతాది మరిచిపోయినవాడికి కూడా అది తోవ చూపిస్తుంది.

బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా వరి. సంగం దగ్గర పెన్న మీద 2022లో ప్రారంభమైన బ్యారేజీ కనిపిస్తుంది. ఆత్మకూరు బస్టాండులో ఎర్రకారం దోసె తిని ఉదయగిరి బస్సు పట్టుకున్నాను. అక్కడినుంచి నేల రంగు మారుతుంది. ఇక మెట్ట. ఎర్రమట్టి, చిట్టడవి, అక్కడక్కడ పొగాకు చేలు, వాటి పక్కన పొడుగ్గా లేచిన బ్యారన్లు. పడమట వెలిగొండలు దగ్గరవుతున్నకొద్దీ పొలాలు పలచబడతాయి. ఈ మండలాల పిల్లలు చాలామంది ఇంటర్‌కు బస్సు పాసుల మీద ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు వస్తారు. ఈఏపీసెట్ కోచింగ్ అందేది కొద్దిమందికే. మిగతావాళ్లకు గతి పాఠ్యపుస్తకమూ, లెక్చరరూ.

నన్ను పిలిచింది ఉదయగిరిలో ఒక జూనియర్ కాలేజీలో పనిచేసే గణితం లెక్చరర్. "వృత్తాలు, పరావలయం బాగానే చేస్తారన్నా. సమాకలనం దగ్గరికొచ్చేసరికి సూత్రాల చిట్టా బట్టీ కొడతారు. చిట్టాలో లేని లెక్క వస్తే పేపరు వదిలేస్తారు" అన్నాడు. రెండో సంవత్సరం గణితంలో సమాకలనం, నిశ్చిత సమాకలనులు, అవకల సమీకరణాలు మూడూ ఒకదాని మీద ఒకటి నిలబడే అధ్యాయాలు. మొదటిది కుంటుబడితే మిగతా రెండూ పడిపోతాయి.

తరగతిలో మొదట ఒక లెక్క వేశాను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఒకటి, దాని మొత్తానికి ఐదో ఘాతం, పక్కన 2ఎక్స్, ఆపైన డీఎక్స్. సున్నా నుంచి ఒకటి దాకా. ముందువరసలో కూర్చున్న అబ్బాయి లేచి ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఒకటిని యు అనుకున్నాడు. 2ఎక్స్ డీఎక్స్ కలిసి డీయు అయింది. యు ఐదో ఘాతానికి సమాకలని యు ఆరో ఘాతం బై ఆరు. అంతవరకు చకచకా చేసి, హద్దులు సున్నా, ఒకటి వేసి ఆరింట ఒకటని జవాబు రాశాడు. తరగతిలో సగంమంది తలలూపారు.

తప్పని నేను చెప్పలేదు. "సగం దగ్గర, అంటే ఎక్స్ సున్నా పాయింట్ ఐదు దగ్గర, ఈ ప్రమేయం విలువ ఎంతో చూడండి" అన్నాను. ఒక అమ్మాయి వేసి మూడు పైన వస్తోందంది. ఒకటి దగ్గరైతే 64. సగం నుంచి చివరిదాకా వక్రరేఖ మూడు పైనే ఉంటే, ఆ కింది వైశాల్యం ఒకటిన్నర కంటే తగ్గడానికి వీల్లేదు. మరి ఆరింట ఒకటి ఎక్కడినుంచి వచ్చింది? కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయే, "సార్, సున్నా, ఒకటీ ఎక్స్‌వి. మనం కూడతా ఉండేది యులో గదా" అంది. ఎక్స్ సున్నా అయినప్పుడు యు ఒకటి. ఎక్స్ ఒకటి అయినప్పుడు యు రెండు. రెండు ఆరో ఘాతం 64, అందులోంచి ఒకటి తీస్తే 63, ఆరుతో భాగిస్తే పదిన్నర. అబ్బాయి వచ్చి తన జవాబు తానే చెరిపి పదిన్నర రాశాడు. ఇలా జవాబును అంచనాతో నిలదీసే అలవాటు ఒక్కటి పిల్లలకు అబ్బితే, వంద సూత్రాలు రాకపోయినా నాకు బెంగ లేదు.

"యు అని దేన్ని అనుకోవాలో ఎట్ట తెలుస్తాది సార్?" అని వెనకవరస నుంచి ప్రశ్న. అసలు ప్రశ్న ఇదే. లోపల దాక్కున్న ప్రమేయం ఏదో చూడాలి, దాని అవకలజం బయట పక్కనే ఉందేమో చూడాలి. మైనస్ ఎక్స్ స్క్వేర్ ఘాతంగా ఉన్న 'ఈ' (e) అనే సంఖ్య పక్కన ఒక ఎక్స్ ఉంటే లెక్క రెండు పంక్తుల్లో తేలుతుంది. ఆ ఎక్స్ తీసేస్తే ఎంత గింజుకున్నా మనకు తెలిసిన ప్రమేయాలతో జవాబు రాదు. రాదని పంతొమ్మిదో శతాబ్దంలో లియూవిల్ నిరూపించాడు. గణాంకశాస్త్రం చాలావరకు ఆనుకున్న గంట ఆకారపు వక్రరేఖ అదే. ఒక్క ఎక్స్ ఉండటం, లేకపోవడం మధ్య అంత దూరం ఉంది. ఇది చెప్పినప్పుడు ఆ వెనకవరస కుర్రాడి ముఖంలో కనబడిన ఆశ్చర్యం కోసమైనా ఇంత దూరం రావచ్చు.

మధ్యాహ్నం ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒకటి తెప్పించాం. మూతి కోసేసి, నిలువు గోడల భాగం మాత్రం ఉంచి, అడుగున పక్కకు మేకు కాల్చి సన్నని రంధ్రం చేశాం. రంధ్రం మధ్య నుంచి పైకి స్కేలు పెట్టి 1, 4, 9, 16 సెంటీమీటర్ల దగ్గర గీతలు గీశాం. రంధ్రానికి వేలు అడ్డం పెట్టి పదహారో గీత దాకా నీళ్లు నింపి, ఏ గీత నుంచి ఏ గీతకు ఎంతసేపు పడుతుందో ముందే రాయమన్నాను. అందరూ పై భాగానికి ఎక్కువ సమయం రాశారు. పదహారు నుంచి తొమ్మిదికి ఏడు సెంటీమీటర్లు దిగాలి, నాలుగు నుంచి ఒకటికి దిగాల్సింది మూడే. న్యాయంగానే ఉంది.

వేలు తీశారు. పదహారు నుంచి తొమ్మిదికి మూడు నిమిషాలు దాటింది. తొమ్మిది నుంచి నాలుగుకు దాదాపు అంతే. నాలుగు నుంచి ఒకటికీ అంతే. సెల్‌ఫోన్లలో స్టాప్‌వాచీలు పట్టుకున్న పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరి సెంటీమీటరు మాత్రం కొంచెం సాగింది. నీటి ఎత్తు రంధ్రం సైజుకు దగ్గరపడ్డాక ధార చుక్కలుగా తెగుతుంది, అక్కడ సూత్రం పూర్తిగా పనిచేయదు.

ఎందుకిలా? రంధ్రం నుంచి దూకే నీటి వేగం పైనున్న నీటి ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది. గెలీలియో శిష్యుడు టొరిసెల్లి 1644లో అచ్చేసిన మాట ఇది. ఎత్తును హెచ్ అనుకుంటే, కొంచెం ఎత్తు దిగడానికి పట్టే సమయం డీహెచ్ బై రూట్ హెచ్‌కు అనుపాతంలో ఉంటుంది. ఇప్పుడు రూట్ హెచ్‌నే యు అనుకోండి. హెచ్ యు స్క్వేర్ అవుతుంది, డీహెచ్ 2యు డీయు అవుతుంది, కిందనున్న యుతో పైనున్న యు కొట్టుకుపోతుంది. మిగిలేది రెండు డీయు. అంతే. సెంటీమీటర్లలో కొలిస్తే మొదట వేగంగా, తర్వాత మందంగా దిగే నీరు, వర్గమూలంలో కొలిస్తే గడియారంలా సమంగా దిగుతుంది. 16, 9, 4, 1 అంటే 4, 3, 2, 1. ఒక్కో మెట్టుకూ ఒకే సమయం.

ప్రతిక్షేపణ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ క్యానులో ఉంది. అది లెక్క తప్పించుకునే కిటుకు కాదు. ప్రతి మార్పుకూ తనదైన కొలబద్ద ఒకటి ఉంటుంది, ఆ కొలబద్దతో చూస్తే మార్పు సులువుగా కనిపిస్తుంది. యు అంటే ఆ కొలబద్ద. దాన్ని వెతకడమే పని.

అప్పుడు సున్నా, ఒకటీ ఎక్స్‌వని చెప్పిన అమ్మాయే మళ్లీ లేచింది. వాళ్ల నాన్నకు చెరువు కింద మడి ఉందట. "క్యానుకు గోడలు నిలువుగా ఉండాయి సార్. చెరువు అట్ట ఉండదు గదా. మరి తూము ఎన్ని దినాలు పారతాది?" మంచి ప్రశ్న, జవాబు చెప్పకుండా రాత్రికి ఆలోచించి రమ్మన్నాను.

మర్నాడు తెల్లవారుజామున కొందరు పిల్లలతో, లెక్చరర్‌తో ఉదయగిరి దుర్గం ఎక్కాను. సముద్రమట్టం నుంచి శిఖరం 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. ప్రతాపరుద్ర గజపతి బంధువు తిరుమల రౌతరాయుడు ఇక్కడే పట్టుబడ్డాడు. ఇక్కడినుంచి తీసుకుపోయిన బాలకృష్ణ విగ్రహానికే రాయలు హంపిలో కృష్ణాలయం కట్టించాడు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం పైకి పోయే దారి ఒక్కొక్క మనిషి మాత్రమే నడిచేంత ఇరుకు. రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు దారులు వేయించాడు. కోటగోడలు, గుడి శిథిలాలు, మసీదు, నీటి గుంటలు ఇప్పటికీ పైన చెదురుమదురుగా ఉన్నాయి. వీటిని చూడటానికి రోజంతా పట్టేది, మేం సగం కూడా చూడలేదు.

దారి ఎక్కడా తిన్నగా పోదు. ఒకచోట నిటారు మెట్లు, ఒకచోట చుట్టూ తిరిగే బాట, రెండు మూడు చోట్ల కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. ఒక మలుపులో కూర్చున్నప్పుడు అడిగాను: ఈ దారి పొడవునా మన బరువును మోసుకొచ్చిన పని ఎంత? ఒక్కో అడుగు దగ్గరా వాలు వేరు. బరువులో ఎంత భాగం మనల్ని వెనక్కు లాగుతుందో ఆ వాలు కోణం సైన్ చెబుతుంది. వంకర దారి పొడవునా ఆ మొత్తాన్ని కూడాలి. ఎవరివల్లా కాదు. అయితే సైన్‌ను దారి ముక్కతో గుణిస్తే వచ్చేది ఆ ముక్కలో మనం లేచిన ఎత్తే. దారి మీద కూడాల్సినదాన్ని ఎత్తు మీద కూడితే సరిపోతుంది. అప్పుడు ఒక్క బరువు, దాని పక్కన మొదటి ఎత్తూ చివరి ఎత్తూ, అంతే మిగులుతాయి. మధ్యలో ఎన్నిసార్లు దిగి ఎక్కినా, దిగినప్పుడు తీసేసినది ఎక్కినప్పుడు కూడుకుంటుంది. అరవై కిలోల మనిషి వంద మీటర్లు లేస్తే 58,800 జౌళ్లు, అంటే సుమారు 14 కిలో క్యాలరీలు.

"అంతేనా!" అన్నాడు ఒక కుర్రాడు చెమట తుడుచుకుంటూ. "మరి కాళ్లు అట్ట చెప్పడంలేదే సార్." నిజమే. కండరాలు తిన్న శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే ఎత్తు కోసం ఖర్చు పెడతాయి, మిగతాదంతా వేడి. పైగా రాపిడి, అలసట దారి పొడవును బట్టి పెరుగుతాయి, వాటిని ఎత్తులోకి మార్చడం కుదరదు. భూమ్యాకర్షణ ఒక్కటే ఎత్తుకు కట్టుబడి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ ప్రతిక్షేపణ పలికింది. ఎక్కడ పలకదో తెలియడం కూడా పాఠంలో భాగమే.

ఉదయగిరిలో చెక్క స్పూన్లు, ఫోర్కులు చేసే ఇళ్లు ఉన్నాయి. దుర్గం అడవుల మెత్తటి చెక్కతో, ఎక్కువగా ముస్లిం కుటుంబాల చేతుల్లో నిలిచిన పని, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంటికి కొన్ని కొనుక్కుని ఆత్మకూరు తిరిగొచ్చాను. అక్కడినుంచి నెల్లూరు పోకుండా అనంతసాగరం వైపు మళ్లాను, ఆ అమ్మాయి ప్రశ్న నన్ను వదల్లేదు.

ఉదయగిరి రాజ్యానికి రాయలు నియమించిన రాయసం కొండమరుసు కాలంలో కట్టిందని చెప్పుకునే పెద్ద చెరువు అనంతసాగరానిది. కట్ట మీద నడుస్తూ ఉంటే అవతలి ఒడ్డు ఆనదు. తూము దగ్గర ఉన్న లస్కరు నన్ను ఇరిగేషన్ ఆఫీసరనుకుని లేచి నిలబడ్డాడు. కాదని చెప్పి, తూము ఎత్తితే ఏ అడుగు నీళ్లు ఎన్ని దినాలొస్తాయని అడిగాను.

"పై అడుగు శానా దినాలొస్తాది సార్. పోనుపోను దినాలు తగ్గతాయి. అడుగునుండే అడుగు ఇట్ట చూసేలోగా అయిపోతాది."

క్యానుకు పూర్తిగా ఎదురు. అందులో పైనున్న ఏడు సెంటీమీటర్లు, కిందనున్న మూడు ఒకే సమయంలో దిగాయి. ఇక్కడ పైనున్న అడుగుదే రాజ్యం. కారణం, చెరువు పళ్లెం లాంటిది. నీరు దిగినకొద్దీ దాని పరపు ముడుచుకుపోతుంది. పరపు ఎత్తు వర్గానికి అనుపాతంగా ఉందనుకుంటే, లెక్కలో రూట్ హెచ్ కింద ఉండగా పైన హెచ్ స్క్వేర్ వచ్చి చేరుతుంది. మళ్లీ అదే యు పెడితే యు నాలుగో ఘాతం, దాని సమాకలని యు ఐదో ఘాతం బై ఐదు. నాలుగడుగుల నీటిని తీసుకుంటే యు రెండు, రెండు ఐదో ఘాతం 32. చివరి అడుగుకు ఒక్క వంతు, పై మూడడుగులకు 31 వంతులు. ఏ చెరువూ ఇంత లెక్కప్రకారం తవ్వినట్టు ఉండదు, కానీ లస్కరు చెప్పిన తీరు ఇదే. ఏళ్ల తరబడి తూము ఎత్తి దించిన చెయ్యి ఆయనది, ఆ మాటను నేను పుస్తకంతో సమానంగా లెక్కపెడతాను.

కలుజు (అలుగు) వైపు చూపించి, "అడుగెత్తు పారతా ఉంటే భయంలేదు సార్, నాలుగడుగులు పారిందంటే ఇంక కట్ట మీద పండుకోలేం" అన్నాడు. కలుజు మీద పారే నీరు ఎత్తుకు ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది. నాలుగింతల ఎత్తుకు ఎనిమిదింతల నీరు. ఇదీ రూట్ హెచ్‌ను లోతు మీద కూడగా వచ్చినదే.

సోమశిల అక్కడికి దగ్గరే. పూర్తి మట్టం 330 అడుగులు, నిల్వ సుమారు 78 టీఎంసీలు. ఈ 78ని ఎవరూ కొలపాత్రతో కొలవలేదు. ఏ మట్టం దగ్గర నీటి పరపు ఎంతో సర్వే చేసి పట్టిక తయారు చేస్తారు. పరపును ఎత్తు మీద కూడితే నిల్వ. బస్సులో పెద్దాయన చెప్పినట్టు ప్రవాహాన్ని కాలం మీద కూడినా వచ్చేది ఆ నీరే, చలరాశి మారిందంతే. వరదతో వచ్చే పూడిక అడుగున పేరుకుంటే పరపు పట్టిక మారిపోతుంది. అందుకే జలాశయాలను అప్పుడప్పుడు మళ్లీ సర్వే చేయాల్సి వస్తుంది. గేజీ మీద అంకె అదే ఉన్నా దాని వెనక నీరు తగ్గి ఉంటుంది.

ఆత్మకూరు బస్టాండు నుంచి ఉదయగిరి లెక్చరర్‌కు ఫోన్ చేసి లస్కరు మాట చెప్పాను. అవకల సమీకరణాల అధ్యాయానికి మొదటి లెక్కగా క్యానునూ, రెండో లెక్కగా చెరువునూ పెడతానన్నాడు. ఆ అమ్మాయి అప్పటికే పరపును హెచ్‌కు అనుపాతంగా తీసుకుని ఒకసారి, హెచ్ స్క్వేర్‌కు అనుపాతంగా తీసుకుని ఇంకోసారి చేసి చూపించిందట. రెండింటిలో ఏది వాళ్ల ఊరి చెరువుకు సరిపోతుందో తేలాలంటే వేసవిలో చెరువు ఎండినప్పుడు కట్ట నుంచి లోతట్టు దాకా తాడుతో కొలవాలి. ఎండాకాలం సెలవుల్లో కొలుస్తానందట, గేజీ రాయి మీద అంకెలు రాసిపెట్టమని వాళ్ల నాన్నకు ఇప్పుడే చెప్పిందట.